దక్షిణం వైపు మూసేసిన కిటికీలు

భవనానికి పొగగొట్టం ఉండదు. అందుకే దాన్ని ఎవరూ అనుమానించరు. లారీ వెనక నల్లటి పొగ కనబడితే ముక్కు మూసుకుంటాం. వీధి చివర చెత్త తగలబెడితే తిట్టుకుంటాం. అదే పడమటి ఎండకు ఎదురుగా ఒక అద్దాల మేడ నిలబడి, లోపల అన్ని గదుల్లోనూ ఏసీలు నడుపుకుంటుంటే దాన్ని అభివృద్ధి అంటాం. ఆ ఏసీల కోసం కాలే బొగ్గు సికింద్రాబాదులో కాలదు. ఎక్కడో నది ఒడ్డున, మనం ఎన్నడూ చూడని ఊరి పక్కన కాలుతుంది. ఆ బూడిద ఆ ఊరివాళ్ళ ఇళ్ళ మీద పడుతుంది. మన చేతులు మాత్రం శుభ్రంగా కనబడతాయి.

నేను నగర ఇంజనీరింగ్ శాఖలో భవనాల పని చేశాను. చివరి తొమ్మిదేళ్ళు భవనాల వల్ల పుట్టే కర్బన ఉద్గారాలను తగ్గించడానికి పెట్టిన చిన్న విభాగంలో ఉన్నాను. ఈమధ్య అదే విభాగంలో కొత్తగా చేరిన ఇద్దరు యువ ఇంజనీర్లు ఇంటికి వచ్చి, "సార్, అసలు ఈ పని ఏంటిది?" అని అడిగారు. చాయ్ ఇచ్చి, నాలుగు మంచి మాటలు చెప్పి పంపించాను. వాళ్ళు గేటు దాటకముందే నా మాటలకు నాకే రోత పుట్టింది. ఎందుకంటే నేను చెప్పినవన్నీ కరపత్రాల్లో ఉండే మాటలు. అసలు జవాబు ఇది. ఏ ఏడు ఏ హోదా వచ్చింది, ఎక్కడికి బదిలీ అయింది, ఎవరు శాలువా కప్పారు అనేవి ఇందులో లేవు. వాటి వల్ల ఎవరికీ ఏమీ తెలియదు.

మా గది

మా విభాగానికి మూడో అంతస్తులో ఒక గది ఇచ్చారు. పడమటి గోడ మొత్తం అద్దం. మధ్యాహ్నం రెండు దాటాక ఆ అద్దం దగ్గర బల్ల మీద చెయ్యి ఆనించడం కష్టం. ఎండ ఆపడానికి అద్దానికి నల్ల ఫిల్మ్ అంటించారు. దాంతో గది చీకటైంది. పట్టపగలు ట్యూబులైట్లు వేశారు. వేడికి రెండు ఏసీలు, చీకటికి నాలుగు లైట్లు. ఆ గదిలో కూర్చుని మేము విద్యుత్తు ఎలా ఆదా చేయాలో నగరానికి నోటీసులు రాసేవాళ్ళం. గది మార్చమని రెండుసార్లు రాసి పెట్టాను. జవాబు రాలేదు.

మా పని చెప్పుకోవడానికి తేలిక. ఒక కొలత దాటిన కొత్త భవనం ఏదైనా ఇంధన నిబంధనలకు లోబడాలి. గోడ ఎంత వేడిని లోపలికి రానిస్తుంది, కప్పు ఎంత, అద్దం ఏ దిక్కున ఎంత ఉంది అని లెక్క కట్టాలి. ఆ లెక్క కట్టేది బిల్డరు కుదుర్చుకున్న కన్సల్టెంటు. ఆయన ధ్రువపత్రం ఇస్తాడు, మేము చూసి సరే అంటాం. అంటే పరీక్ష రాసేవాడే పేపరు దిద్దుకుంటాడు, మేము మార్కులు నమోదు చేస్తాం.

ఒకసారి సికింద్రాబాదులో ఒక పెద్ద వాణిజ్య భవనం లెక్క వచ్చింది. నడుమ ఒక పేజీలో ఇంకో ఊళ్ళోని ఇంకో భవనం పేరు ఉంది. పాత లెక్కనే తెచ్చి అతికించారు. వెనక్కి పంపాను. మర్నాడే తిరిగొచ్చింది, పేరు దిద్దుకుని. దిక్కులు మాత్రం పాత భవనానివే. ఉత్తరాన ఉందన్న అద్దం గోడ నిజానికి పడమర చూస్తోంది. ఫైలు పట్టుకుని మా పెద్దసారు దగ్గరికి వెళ్ళాను. ఆయన పేరు ఇక్కడ అవసరం లేదు. మంచి మాటకారి, ఎవరినీ నొప్పించరు, ఏ ఫైలునూ ఆపరు.

"దిక్కులు తప్పు పడ్డాయి సార్" అన్నాను.

"దిక్కులు తప్పయితే సూర్యుడు వాపస్ పోతడా నర్సింగరావ్? బిల్డింగ్ లేచింది. సంతకం పెట్టు" అన్నారు.

నేను పెట్టలేదు. ఆయన పెట్టారు. ఆ రోజు నేనేదో గెలిచాననుకుని ఇంటికి వెళ్ళాను. సంతకం పెట్టకపోవడం వల్ల ఆ భవనంలో ఒక్క ఏసీ కూడా తగ్గలేదు. కొత్తగా వచ్చేవాళ్ళు ఇది మొదట తెలుసుకోవాలి: మీ చేతులు శుభ్రంగా ఉంచుకోవడం, పని జరగడం ఒకటి కావు. నేను చాలా ఏళ్ళు మొదటిదే రెండోదనుకున్నాను.

శకుంతల మేడం

ఇంజనీరుగా నాకు పని నేర్పింది శకుంతల మేడం. నేను చేరిన కొత్తలో మాకు ఆమే పై అధికారి. అప్పటికి కర్బనమన్న మాట మా ఆఫీసులో ఎవరూ విని ఉండరు. ఆమెకు తెలిసింది ఒకటే: మనిషి ఉండలేని గది గది కాదు. ఏ స్కూలు గదినైనా, దవాఖానా గదినైనా అప్పజెప్పే ముందు మధ్యాహ్నం మూడింటికి అక్కడికి వెళ్ళి ఫ్యాను వేయకుండా గంటసేపు కూర్చునేది. పక్కన మమ్మల్నీ కూర్చోబెట్టేది. కాప్రాలో ఒక స్కూలు గదిలో అరగంటకే నేను చొక్కా తడిసి లేవబోతే, "కూసో. పిల్లలు ఆరు గంటలు కూసుంటరు" అంది. ఆ కాంట్రాక్టరు చేత కప్పు మీద మళ్ళీ సున్నపు గచ్చు వేయించి, వెనక గోడకు రెండు కిటికీలు పెట్టించాకే ఆమె కాగితం మీద సంతకం పెట్టింది.

ఆమెను చాదస్తురాలు అనేవాళ్ళు. ఆ మాట అన్నవాళ్ళే తర్వాత లక్షల ఖరీదు చేసే పరికరాలు కొని, గది వేడిని కొలిచి, రంగుల బొమ్మలు గీయించారు. ఆ బొమ్మలు గీయించిన రోజు కూడా ఆ గదిలో ఎవరూ కూర్చోలేదు.

మౌలాలి కప్పులు

వేడిని తిప్పికొట్టే తెల్లరంగును పేదల ఇళ్ళ కప్పులకు వేయడం మంచి పథకం. ఇందులో నాకు అనుమానం లేదు. మౌలాలి గుట్ట కింద ఒక బస్తీలో రంగు వేయించాం. రేకుల ఇళ్ళలో, పల్చటి స్లాబు ఇళ్ళలో తేడా నిజంగానే తెలిసింది. వేసిన వారానికి వెళితే ఒక ముసలాయన నన్ను ఆపాడు.

"సల్లగైంది సార్, అబద్ధమెందుకు. మా పక్కింటోల్లకు సుత జెర వెయ్యిండ్రి. ఆమె బాలింత."

పక్కింటి పేరు జాబితాలో లేదు. ఎందుకు లేదో కనుక్కుంటే, బయటి నుంచి చూడటానికి వచ్చే పెద్దలు నిలబడబోయే చోటు నుంచి ఏ కప్పులు కనబడతాయో వాటినే ఎంచారని తేలింది. గుట్ట మెట్ల మీద నుంచి చూస్తే బస్తీ అంతా తెల్లగా మెరుస్తుంది. ఫోటోలు బాగా వచ్చాయి. గోడ చాటున ఉన్న ఇల్లు ఫోటోలో పడదు కాబట్టి అక్కడి బాలింతకు వేడి తగ్గించాల్సిన పని లేదు. దీన్ని మూర్ఖత్వం అనకండి. మూర్ఖుడికి ఇంత లెక్క రాదు. చివరికి రెండు డబ్బాలు మిగిలాయని చెప్పి ఆ ఇంటికి వేయించాను. మిగల్లేదు. ఇంకో చోట పల్చగా వేయించాను. ఆ ఇంకో చోట ఎవరి ఇల్లో ఇప్పటికీ నాకు తెలియదు.

యాప్రాల్ హాస్టలు

ఇక అసలు సంగతి. ఇది చెప్పకపోతే పైన రాసిన కోపమంతా నాటకమవుతుంది.

ఉద్యోగాలు చేసుకునే ఆడవాళ్ళ కోసం నగరం యాప్రాల్‌లో ఒక హాస్టలు కట్టింది. నాలుగంతస్తులు, అంతస్తుకు ఎనిమిది గదులు. తక్కువ కరెంటుతో నడిచే భవనం ఎలా ఉండాలో చూపించే నమూనా అది. నక్షా మా విభాగమే గీసింది. గదులన్నీ ఒకే వరుసలో ఉంటాయి. ఉత్తరాన వరండా, అటు తలుపూ ఒక కిటికీ. దక్షిణాన పెద్ద కిటికీ. గాలి ఏ వైపు నుంచి వచ్చినా లోపలికి ఒక దారి, బయటికి ఒక దారి. వేసవిలో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు కాబట్టి దక్షిణపు కిటికీ మీద మూరెడు సజ్జా వేస్తే చాలు, ఎండ లోపలికి రాదు. పడమర గోడకు ఒక్క కిటికీ కూడా పెట్టలేదు. కప్పు తెల్లది. ఏసీ అవసరం లేకుండా ఫ్యాను గాలితో మనిషి నిద్రపోగల భవనం. అంత తృప్తిగా నేను ఇంకో నక్షా గీయలేదు.

ప్రారంభోత్సవానికి పది రోజుల ముందు, రిబ్బను కత్తిరించాల్సిన నాయకుడు భవనం చూడటానికి వచ్చాడు. వెంట ఒక వాస్తు సిద్ధాంతి. ఆయన ఫోనులో దిక్సూచి చూసుకుని, దక్షిణం ఇంత బార్లా తెరిచి ఉంటే లోపల ఉండే ఆడపిల్లలకు అరిష్టమని, ప్రారంభించినవారికి పదవీగండమని చెప్పాడు. మొదటి సగం ఎవరికీ వినబడలేదు. రెండో సగం అందరికీ వినబడింది. మా పెద్దసారు అక్కడికక్కడే, "మూసేద్దాం సార్, ఎంత పని" అన్నారు.

వాస్తు మీద నేను సభల్లో గంటల తరబడి వాదించినవాణ్ణి. ఇక్కడ క్లుప్తంగా చెబుతాను. పడమటి గోడకు కిటికీలు తగ్గించమంటే నేనూ ఒప్పుకుంటాను, అటు ఎండ వాలుగా వచ్చి గది మధ్యదాకా పడుతుంది కనక. అది ఎవరు చెప్పినా నిజమే, ఎండలో నిలబడి ఎవరైనా పరీక్షించుకోవచ్చు. దక్షిణం యముడి దిక్కు కాబట్టి మూసేయమంటే దాన్ని పరీక్షించే దారి లేదు. యముడు వచ్చాడో లేదో చూసి చెప్పినవాడు లేడు. పరీక్షకు నిలిచే మాటా, నిలవని మాటా ఒకే నోటి నుంచి వచ్చినంత మాత్రాన రెండూ శాస్త్రం కావు. మన నగరంలో ఎన్ని వేల ఇళ్ళకు ఇలా ఊపిరి బిగించి, ఆ తర్వాత గోడకు ఏసీ తగిలించారో లెక్క తీసినవాళ్ళు లేరు. తీస్తే మన ఉద్గారాల పద్దులో నమ్మకాలకు కూడా ఒక గడి పెట్టాల్సి వస్తుంది.

ఇంత తెలిసినవాణ్ణి ఏం చేశానో వినండి.

ఆ సాయంత్రం పెద్దసారు పిలిచారు. "చిన్న నోట్ రాయి నర్సింగరావ్. గాలి వెలుతురుకు ఇబ్బంది లేదని. నువ్వు రాయకుంటే ఇంకోడు రాస్తడు. గని నువ్వు రాస్తే ఎవ్వడు అడగడు."

ఆయన నన్ను ఎందుకు ఎంచుకున్నారో ఆ చివరి మాటలో ఉంది. మూఢనమ్మకాలకు నేను శత్రువునని ఊరంతా తెలుసు. నా సంతకం కింద వాస్తు ఉందని ఎవరికీ తోచదు. నేను రాశాను: "దక్షిణపు కిటికీలు మూయడం వల్ల గదుల గాలి వెలుతురుకు చెప్పుకోదగ్గ భంగం ఉండదు." ప్రారంభం అయ్యాక మళ్ళీ తెరిపించవచ్చని నాకు నేను చెప్పుకున్నాను. భవనం ఆగిపోతే ఆడవాళ్ళకే నష్టమని కూడా చెప్పుకున్నాను. అసలు కారణం ఇవేవీ కావు. ఆ భవనం నాది, దాన్ని జనం చూడాలని నాకు తొందరగా ఉంది. గోడ మూస్తున్నప్పుడు చూడటానికి కూడా వెళ్ళలేదు, చూడబుద్ధి కాక. ఆ తర్వాతి ఆదివారం ఒక హాల్లో మూఢనమ్మకాల మీద నా ఉపన్యాసం ఉంటే వెళ్ళి ఇచ్చి వచ్చాను. చప్పట్లు బాగా పడ్డాయి.

బహుమతి

చలికాలంలో ఆ భవనానికి తక్కువ ఉద్గారాల నమూనా భవనమని బహుమతి వచ్చింది. బహుమతి ఇచ్చినవాళ్ళు నక్షా చూశారు, కంప్యూటరు లెక్క చూశారు. రెండింట్లోనూ ముప్పై రెండు దక్షిణపు కిటికీలు తెరిచే ఉన్నాయి. భవనం దగ్గరికి వచ్చారు కూడా. ముందు వైపు నిలబడి ఫోటో దిగారు. ముందు వైపు ఉత్తరం.

మార్చి వచ్చేసరికి గదులు ఉడకడం మొదలైంది. వార్డెన్ యాదమ్మ రాతపూర్వకంగా మొరపెట్టుకుంది. మా శాఖ ఏం చేయాలి? ఇటుక తీసేయాలి. చేసింది ఏమిటంటే, పై రెండంతస్తులకు ఏసీలు పెట్టింది. ఏసీలు లేని భవనమని లెక్క వేసి కరెంటు లైను తీసుకున్నాం కాబట్టి మధ్యాహ్నం అన్నీ ఒకేసారి నడిస్తే బ్రేకరు పడిపోయేది. అప్పుడు ఏసీ ఉండదు, ఫ్యాను ఉండదు, కిటికీ అసలే లేదు. నెల తిరిగాక మీటరు చూస్తే, నక్షా లెక్కకు మీటరుకు పోలికే లేదు. నగరం ప్రకటించే నివేదికలో మాత్రం నక్షా లెక్కే వేశారు. బహుమతి వచ్చిన భవనం కదా, అనుమానించేదెవరు?

మీటరు రీడింగు తీసుకోవడానికి నేను వెళ్ళిన రోజు మధ్యాహ్నం, మూడో అంతస్తు దాటి పైకి ఎక్కే మెట్ల మలుపులో ఒకామె చాప మీద పడుకుని ఉంది. తడిగుడ్డ మొహాన కప్పుకుంది. మెట్లకు చిల్లుల జాలీ గోడ ఉంది, అక్కడ కాస్త గాలి ఆడుతుంది. నా చెప్పుల చప్పుడుకు లేచి కూర్చుంది. పేరు పైడితల్లి. శ్రీకాకుళం వైపు మనిషి. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సులకు సాయంగా రాత్రి డ్యూటీ చేస్తుంది. అంటే ఆమె నిద్రపోవాల్సింది మధ్యాహ్నమే. పై అంతస్తులో ఆమె గది.

"డ్యూటీలో కునుకు పట్టిసిందని ఓ మెమో ఇచ్చేరండి. ఇంకోటి వస్తే తీసేస్తారు" అంది. తర్వాత గది చూపించింది. దక్షిణపు గోడ మీద అరచెయ్యి పెట్టి చూడమంది. పెట్టి తీసేశాను.

"ఈ గోడ మజ్జిలో కట్టేరంటండి. ముందు ఇక్కడ కిటికీ ఉండీదంట. ఎవరు మూయించేరండి బాబూ?"

"పైవాళ్ళు" అన్నాను.

నోట్ రాసింది మొదటి తప్పు. దాని కంటే నీచమైనది ఇది. మొదటి తప్పు ఎవరో తెలియని ముప్పై రెండు గదుల మీద చేశాను. రెండోది ఎదురుగా నిలబడి, తడిగుడ్డ చేతిలో పట్టుకున్న ఒక మనిషితో చేశాను.

నా వాక్యం

ఏప్రిల్ చివర్లో పైడితల్లికి గది ఖాళీ చేయమని నోటీసు వచ్చింది. మెట్ల మీద పడుకోవడం నిబంధనలకు విరుద్ధం, అగ్నిప్రమాదం జరిగితే దారికి అడ్డం. ఆమె మెట్లు వదల్లేదు. చివరికి విచారణ అని మా పెద్దసారు గదికి పిలిచారు. యాదమ్మ వచ్చింది, పైడితల్లి రాత్రి డ్యూటీ దిగి అటునుంచి అటే వచ్చింది. భవనం గురించి తెలిసినవాణ్ణని నన్నూ కూర్చోబెట్టారు.

యాదమ్మ చెడ్డది కాదు. "ఆమె ఒక్కతే గాదు సార్, అందరికి తక్లీఫే ఉన్నది. గని మెట్ల మీద పండుకుంటె రేపు ఏమన్న అయితే నన్నే అంటరు" అంది. పెద్దసారు తల ఊపి, ఫైలు తెరిచి, నా నోట్ బయటికి తీశారు. నా వాక్యం పైకి చదివారు. గదుల్లో గాలి వెలుతురుకు లోటు లేదని ఇంజనీరే రాసిచ్చాడు కాబట్టి, మెట్ల మీద పడుకోవడం క్రమశిక్షణ లేకపోవడమేనని తేల్చారు.

పైడితల్లి అంతా విన్నది. "ఇంజనీరుగారు రాసేరంటే రాసేరేమో గానండి, ఆయన్ని ఒక్క మద్దేనం నా మంచం మీద తొంగోమనండి. నిద్దరడితే నాను ఇవాళే ఎలిపోతాను."

"రాసింది నేనే" అన్నాను. "అది అబద్ధం."

ఆమె నా వైపు తిరిగి చూసింది. పెద్దసారు ఆడవాళ్ళిద్దరినీ బయట కూర్చోమన్నారు. తలుపు వేశాక ఆయన గొంతు పెంచలేదు. చెప్పాను కదా, ఎవరినీ నొప్పించరని.

"ఇంక ఏడు నెలలున్నది నీ రిటైర్మెంట్‌కు. ఇప్పుడు ఈ లొల్లి ఎందుకు షురూ చేస్తున్నవ్? కిటికీలు తెరిస్తె, నక్షాల తెరిచే ఉన్నయ్ గద, మూసిందెప్పుడు అంటరు. మూసినమని ఒప్పుకుంటె ప్రైజ్ వాపస్ ఇయ్యాలె. పేపర్ల పడ్తది. గంత అవసరమా ఒక్క ఆడమనిషి నిద్ర కోసం?"

నిద్ర కోసమే సార్, అన్నాను. మనం ఆ భవనం కట్టిందే దానికోసం. మూడింటికి ఆ గదికి వచ్చి గంట కూర్చోండి, తర్వాత మీరేం రాయమంటే అది రాస్తాను అన్నాను. తనకు బీపీ ఉందన్నారు. బదులుగా అప్పట్లో కొత్తగా చేరిన ఇద్దరు ఇంజనీర్లను, ఒక అబ్బాయినీ ఒక అమ్మాయినీ పంపారు. నాతోపాటు వాళ్ళు గదిలో కూర్చున్నారు. ఆ రోజు కూడా బ్రేకరు పడింది. అబ్బాయి ఇరవై నిమిషాలకు ఫోను వచ్చిందంటూ బయటికి వెళ్ళి తిరిగి రాలేదు. అమ్మాయి గంటా కూర్చుంది. లేచేముందు తన పుస్తకంలో రెండు వాక్యాలు రాసుకుంది: గది నివాసయోగ్యం కాదు, కిటికీలు తెరవాలి. నేను నా పాత నోట్ తప్పని, వాస్తు కోసం మూసిన కిటికీలకు సాంకేతిక కారణం కల్పించానని రాసి సంతకం చేశాను. అది ఫైల్లో పెట్టమని ఇచ్చి, నకలు నా దగ్గర ఉంచుకున్నాను. పేపరు వాళ్ళకిస్తానని నేను బెదిరించలేదు. నకలు ఉందని మాత్రం చెప్పాను.

నోటీసు వెనక్కి తీసుకున్నారు. పై అంతస్తులో ఎనిమిది కిటికీలు తెరవడానికి అనుమతి వచ్చింది. ఫైల్లో కారణం ఏం రాశారో తెలుసా? చెమ్మ వల్ల గోడ దెబ్బతింది కాబట్టి మరమ్మతు. మండు వేసవిలో, చెయ్యి పెడితే కాలే గోడకు చెమ్మ. నిజం చేస్తున్నప్పుడు కూడా అబద్ధం రాయడం మా శాఖకు అంతగా అలవాటైపోయింది.

గోడలో ఉన్నది

మే చివరి వారంలో పని మొదలుపెట్టాం. ఆ కిటికీలను మూసిన మేస్త్రీ మల్లేశే మళ్ళీ వచ్చాడు. పైడితల్లి గదిలో లోపలి వైపు పూత కొట్టి, నిలువుగా పేర్చిన ఇటుక వరుస తీయగానే వెనక ఇనుప కిటికీ కనబడింది. ఫ్రేము, ఊచలు, రెక్కలు అన్నీ ఉన్నాయి. ఒక అద్దం మాత్రం చీలింది. దాని వెనక ఇంకో ఇటుక వరుస. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే మల్లేశ్ నవ్వాడు.

"నాకు మూయుమన్నరు సార్. పీకుమనలే. మనుషులుండే జాగ, గాలి లేకుంట ఎన్ని దినాలుంటరు? ఎప్పటికైన తెరుస్తరని అట్లనే పెట్టి అటొక వరుస, ఇటొక వరుస కట్టిన."

మధ్యాహ్నం అయ్యేసరికి బయటి వరుస కూడా తీసేశారు. తలుపు తెరిచి ఉంది. గాలి గదిలోంచి వరండాలోకి పోయింది. బల్ల మీద దుమ్ము లేచింది. కిటికీ ఉన్న గదిలో జరిగేది ఇంతే.

పైడితల్లి మూటలు వరండాలో పెట్టుకుని కూర్చుని ఉంది. పని అయిపోయిందని చెప్పాను. ఉద్యోగం ఎలా ఉందని అడిగాను.

"పోయినారం తీసేసారండి. రెండో మెమో వచ్చిసింది. ఇక్కడే చిన్న నర్సింగ్ హోములో కుదిరినాను. అదీ రేతిరి డ్యూటీయే." తర్వాత, ఏ కోపమూ లేకుండా అడిగింది. "ఆ రోజు మెట్ల కాడ అడిగినపుడు మీరేనని సెప్పుంటే, అప్పుడే తెరిసీవోరు గదండి?"

"తెరిచేవాళ్ళం" అన్నాను.

"రెండు నెల్లు" అంది. మూటలు లోపలికి చేర్చుకుంది. గది ఊడ్చుకుంది. తలుపు వేసుకుని గడియ పెట్టుకుంది. సాయంత్రం దాకా ఆ తలుపు తెరుచుకోలేదని తర్వాత యాదమ్మ చెప్పింది. నన్ను క్షమించిందో లేదో నాకు తెలియదు. అది అడిగే హక్కు నాకు లేదు. ఆమెకు నిద్ర కావాలి, ఆ కిటికీ ఆమెది, అది రెండు నెలలు ఆలస్యంగా వచ్చింది. ఆ ఆలస్యానికి వాస్తు సిద్ధాంతి కారణం కాదు.

పై అంతస్తులో ఎనిమిది గదుల ఏసీలు ఆ వేసవిలోనే ఆగిపోయాయి, ఎవరూ ఆపమని చెప్పకుండానే. తక్కిన మూడంతస్తుల్లో ఇరవై నాలుగు కిటికీలు ఇంకా గోడల్లోనే ఉన్నాయి. వాటి ఫైలు నేను దిగిపోయే రోజు దాకా కదల్లేదు. ఇప్పటికీ కదల్లేదని విన్నాను. బహుమతి పలక ముందు గదిలో గోడకు వేలాడుతూనే ఉంది. నగరం నివేదికలో ఆ భవనం లెక్క మారలేదు.

నా ఇంటికి వచ్చి ఈ పని ఏంటిదని అడిగిన మీ ఇద్దరికీ, మీ తర్వాత చేరేవాళ్ళకూ చెబుతున్నాను. ఈ పని ఆ ఇరవై నాలుగు కిటికీలు. ఒక్కో గదికి మేస్త్రీకి ఒక పూట పడుతుంది. ఫ్రేములు కొత్తవి కొనక్కర్లేదు. ఫైల్లో చెమ్మ అని రాయకండి. దక్షిణం యముడి దిక్కని భయపడి మూశారని రాయండి. ఇబ్బంది ఉండదని ఇంజనీరు నర్సింగరావు తెలిసి తెలిసి అబద్ధం రాశాడని రాయండి. ఎవరైనా అడిగితే నన్ను పిలవండి. నకలు నా దగ్గరే ఉంది, పట్టుకుని వస్తాను.